తీవ్రం, అతి తీవ్రం, సూపర్ – గాలివానకు పెట్టిన ఇంగ్లీషు విశేషణాలు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించీ, మెడికల్ బిల్లుల గురించీ నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పేశారు. నా వంతుకు మిగిలింది ఇంగ్లీషు. అందులోనూ ఒక మూల.

చాలా పెద్దదాన్ని పెద్దది అని చెప్పడానికి ఇంగ్లీషులో మాటలు బోలెడు. హ్యూజ్, ఎనార్మస్, జైగాంటిక్, కొలోసల్ – హైస్కూల్లో మనచేత బట్టీ పట్టించినవే. లాటిన్‌లో నార్మా అంటే వడ్రంగి మూలమట్టం. ఆ కొలతను దాటిపోయింది ఎనార్మస్. కొలోసల్ అన్నది గ్రీకుల నాటి భారీ విగ్రహాల పేరు నుంచి వచ్చింది. అంతా బాగానే ఉంది గాని, హ్యూజ్ పెద్దదా, ఎనార్మస్ పెద్దదా అంటే ఏ నిఘంటువూ తేల్చదు. ఎవరి ఇష్టం వారిది.

కథల పుస్తకంలో అయితే దీంతో నష్టం లేదు. కాని నెల్లూరు జిల్లావాళ్లం ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో ఇలాంటి విశేషణాలు విని, ఇల్లు వదలాలా, ఉండాలా అన్నది తేల్చుకోవలసి వస్తుంది. అందుకని ఈవేళ తుపాను మాటలు ఎత్తుకున్నాను.

అసలు సైక్లోన్ అనే మాటకు మన తీరంతో సంబంధం ఉంది. కలకత్తాలో ఉండిన హెన్రీ పిడింగ్టన్ అనే మాజీ ఓడ కెప్టెను దాన్ని కల్పించాడు. 1848లో అచ్చయిన ఆయన పుస్తకం ద్వారా అది నావికులకు అలవాటైంది. పాము చుట్టను సూచించే గ్రీకు మాట దానికి మూలం. ఆయన పరిశీలించిన పాత గాలివానల్లో 1789 డిసెంబరులో కాకినాడ దగ్గరి కోరంగిని ముంచేసింది ఒకటి.

ఆ సైక్లోనుకు వాతావరణ శాఖవారు గాలి వేగాన్ని బట్టి మెట్లు కట్టారు. గంటకు 31 కిలోమీటర్లకు చేరితే డిప్రెషన్, మన వాయుగుండం. 50 దాటితే తీవ్ర వాయుగుండం. 62 నుంచి తుపాను, 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను, 166 నుంచి అత్యంత తీవ్ర తుపాను, 221 నుంచి సూపర్ సైక్లోన్. ఈ మెట్లన్నీ ఒక్కసారి వచ్చినవి కావు. 'వెరీ సివియర్', 'సూపర్' అన్నవి 1999 నాటికి వాడుకలోకి వచ్చాయి. 'ఎక్స్‌ట్రీమ్‌లీ సివియర్' అన్నదాన్ని 2015లో మధ్యలో దూర్చారు.

ఇంగ్లీషులో సివియర్, వెరీ, ఎక్స్‌ట్రీమ్‌లీ అని దేనికది వేరుగా వినిపిస్తుంది. తెలుగులోకి వచ్చేసరికి అతి తీవ్ర, అత్యంత తీవ్ర అయింది. కరెంటు పోయి, బ్యాటరీ రేడియో గరగరమంటూ ఉంటే 'అతి'కీ 'అత్యంత'కీ తేడా ఏ చెవికి పట్టుతుంది? మన వయసు చెవుల సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇంకో చిక్కుంది. 'తీవ్ర వాయుగుండం తుపానుగా మారింది' అంటారు. తీవ్ర అన్న మాట ఎగిరిపోయింది గదా, కొంచెం నెమ్మదించింది కాబోలు అనుకున్నవాళ్లను నేను చూశాను. నిజానికది ఒక మెట్టు పైకెక్కింది.

సూపర్ అన్న మాట సరేసరి. లాటిన్‌లో దానికి 'పైన' అని అర్థం. మన ఆఫీసుల్లో సూపర్ అంటే సూపరింటెండెంటు, బయట సూపర్ బజారు. సూపరాన్యుయేషన్ అనే మాటతోనే గదా మనందర్నీ ఇళ్లకు పంపారు! 1999 అక్టోబరు 29న ఒరిస్సా తీరాన్ని తుపాను తుడిచిపెట్టాక గాని సూపర్ అనే మాటకు అంత భయంకరమైన అర్థం ఉందని మనకు తెలిసిరాలేదు.

అయితే ఆ సూపర్ అంతకు పదేళ్ల ముందే మన జిల్లాకు వచ్చి వెళ్లింది. 1989 నవంబరులో థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టింది. అక్కడ సీక్రెస్ట్ అనే చమురు తవ్వే ఓడను బోర్లా వేసి 91 మందిని పొట్టన పెట్టుకుంది. బంగాళాఖాతం అంతా దాటుకుని 8, 9 తేదీల నడిమి రాత్రి కావలి దగ్గర తీరం ఎక్కింది. ఆనాటి లెక్కలో దాని హోదా 'సివియర్ సైక్లోనిక్ స్టార్మ్ విత్ ఎ కోర్ ఆఫ్ హరికేన్ విండ్స్'. ఇంత పొడుగు పేరు మైకులో చదివి ముగించేలోపల రెండు రేకులు లేచిపోతాయి. ఇప్పటి లెక్కలో అది సూపర్ సైక్లోనే.

ఈ విశేషణాలు దాచిపెట్టే ముఖ్యమైన లెక్క ఒకటుంది. గాలి వేగం రెట్టింపైతే గోడ మీద దాని తోపుడు నాలుగు రెట్లవుతుంది. ఆ లెక్కన 62 దగ్గర మొదలయ్యే మామూలు తుపాను కంటే 221 దగ్గర మొదలయ్యే సూపర్ తోపుడు పన్నెండు రెట్లకు పైమాటే. వినడానికి నాలుగు మెట్లు. ఇంటి పైకప్పుకు అది పన్నెండు రెట్లు.

పోనీ, విశేషణాలు మాని అంకెలు చెబితే? కృష్ణపట్నం రేవులో ఎగరేసే ప్రమాద సూచికలు అంకెలే గదా. ఎనిమిది, తొమ్మిది, పది – మూడూ 'గ్రేట్ డేంజర్' కిందికే వస్తాయి. ఎనిమిది, తొమ్మిది అంటే తుపాను రేవుకు ఈ పక్కనో ఆ పక్కనో తీరం దాటుతుందని. పది అంటే రేవు మీదుగానో, బాగా దగ్గరగానో దాటుతుందని. పది ఎగరేశారు గనక ఎనిమిదికంటే పెద్ద తుపాను అనుకోకూడదు. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. ఈ వివరం రేవులో పనిచేసినవారికి తప్ప ఎందరికి తెలుసు?

నేను మండల ఆఫీసులో ఉన్న రోజుల్లో, తీరాన ఒక పాళెంలో జీపు మైకులో హెచ్చరిక చదివిస్తున్నాము. వలలు చుట్టుకుంటున్న ఒక పెద్దాయన అంతా విని, "తీవ్రమో గీవ్రమో నాకేంది సార్? నీళ్లు యాడ దాకా వస్తాయో అది చెప్పండి" అన్నాడు. మా కాగితంలో దానికి జవాబు లేదు. గాలి వేగం ఉంది, అక్షాంశం, రేఖాంశం ఉన్నాయి.

ఆయన అడిగింది ఉప్పెన సంగతి. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని మింగింది గాలి కన్నా ఎక్కువగా నీళ్లే. అప్పట్లో ఇంగ్లీషులో దాన్ని టైడల్ వేవ్ అని రాశారు. ఆటుపోట్లకూ దానికీ సంబంధం లేదు. శాస్త్రం ప్రకారం స్టార్మ్ సర్జ్ అనాలి. మనకు మాత్రం ఉప్పెన అనే ఒక్క మాట ఎప్పటినుంచో ఉంది, పసిపిల్లవాడికి కూడా తెలుసు. ఆ మాట ముందు చెప్పి, నీళ్లు ఏ గుడి దాకా, ఏ కట్ట దాకా రావచ్చునో చెబితే విశేషణంతో పని ఉండదు.

ఇక వాన. ఈ మెట్లన్నీ గాలికి సంబంధించినవే గాని వానకు కావు. 2021 నవంబరు 19న తమిళనాడులో తీరం దాటింది ముందు ఏ విశేషణమూ లేని ఉత్త వాయుగుండం. ఎగువన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పెన్న పొంగింది. కోవూరు దగ్గర జాతీయ రహదారి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట తెగి మద్రాసు దారి ఆగిపోయింది. వాయుగుండమే గదా అని పడుకున్నవాళ్లు తెల్లారి మిద్దెలెక్కి నిలబడ్డారు.

కనక మన సంఘానికి ఒక ప్రతిపాదన. ఆఫీసు గోడ మీద డి.ఏ. పట్టిక పక్కనే ఈ మెట్ల పట్టిక కూడా పెద్ద అక్షరాలతో రాయించండి. ఎదురుగా గాలి వేగం, కింద పోర్టు నంబర్ల అర్థం. ఫోనులో హెచ్చరిక రాగానే గాలి ఎంత, ఉప్పెన ఎంత, వాన ఎన్ని సెంటీమీటర్లు అన్న మూడూ వెతకమని మీ మనవళ్లతో, మనవరాళ్లతో చెప్పండి. రాయించే ఖర్చు నేను పెట్టుకుంటాను, కోశాధికారిగారు కంగారుపడనక్కరలేదు.