చవిటినేలకు చికిత్స



ముప్పదియైదేండ్లు పిల్లలకు శబ్దములును ధాతువులును నేర్పినవాడను. నేలను గూర్చి ప్రసంగించుటకు నీ కధికారమెక్కడిదని మీరడుగవచ్చును. బాపట్ల ప్రాంతమున మాకొక యెకరము చవిటినేల కలదు. దానిని మఱింత చెఱచినవాడను నేనే. ఆ యనుభవమే నా యధికారము.

అమరకోశములోని ఊషరమను పదమును బాల్యమున వల్లించితిని. పేరొక్కటి గనుక రోగమును ఒక్కటే యని తలచితిని. మన రైతులు పండితులకంటె సూక్ష్మదర్శులు. వారు పాలచవుడు, కారుచవుడు అని వేఱుగా పేర్లిడిరి. వేసవిలో తెల్లని యుప్పు పైకి దేలునది పాలచవుడు. తడిసిన జిగటయై, ఎండిన ఱాయియై, నీటిని లోనికి బోనీయనిది కారుచవుడు. పూర్వము రజకులు బట్టలుదుకుటకు చవుటిమన్ను వాడుట అందలి సోడాగుణము చేతనే.

పాలచవుటిలోని యుప్పు నీట కరగును. మంచినీరు కట్టి మురుగుకాలువకు దీసిన దిగిపోవును. కారుచవుటిలోనో, సోడియము బంకమట్టి రేణువులనే యంటిపెట్టుకొని యుండును. దానికి వట్టినీరు కట్టినచో కరగెడి లవణములు మాత్రమే పోవును. సోడియము నిలిచి, రేణువులు విడిపోయి, నేలలోని రంధ్రములు పూడిపోవును. నేను చేసినదిదియే. రెండేండ్లు నీరు కట్టితిని. మడిలో నీరు వారము దినములు నిలిచియుండగా నేల చక్కగా నానుచున్నదని సంతోషించితిని! తరువాత నాగలి దిగలేదు. మన్ను పరీక్ష చేయింపగా ఉదజని సూచిక 9.4 అని తేలినది. 8.5 దాటిననే క్షారభూమి యందురు.

దీనికి మందు జిప్సము. అందలి కాల్షియము సోడియమును తొలగించి దాని స్థానమున నిలుచును. మడిని చదును చేసి, పరీక్షలో తేలిన మోతాదున జిప్సము పొడిని పైమన్నులో నాలుగంగుళముల లోతువఱకే కలిపి, నీరు నిలువగట్టి, పిదప మురుగునకు దీయవలెను. అటుపై జీలుగ చల్లి, పూతకు ముందే కలియదున్నవలెను.

హర్యానాలోని కర్నాలున 1969లో కేంద్ర పరిశోధనసంస్థ యేర్పడినది మొదలు ఈ శాస్త్రము చాల ముందునకు సాగినది. మొదట జిప్సముతో మన్నును దిద్దుటపై దృష్టి నిలిపిరి. 1990 తరువాతి దశాబ్దమున డచ్చివారి సహకారముతో మన కోణంకి, ఉప్పుగుండూరులలో నేలలోపల చిల్లులుగల గొట్టములు పఱచి ఉప్పునీటిని వెలికిదీసిరి. ఇప్పుడు విత్తనముపై దృష్టి మఱలినది. కేరళ తీరపు పొక్కాలి వరినుండి గుర్తించిన సాల్టాల్ అను జన్యుభాగమును మేలురకములలోనికి దెచ్చుచున్నారు. మంచిదే. కాని విత్తనము ఉప్పును సహించునుగాని నేలలోని యుప్పును తీసివేయదు. ఓర్చు విత్తనము దొరకినదని మురుగుకాలువ పూడనిచ్చు రైతును జూచిన నాకు భయము.

మా యెకరమున జిప్సము వేసి రెండేండ్లయినది. ఈ యేడు జీలుగ మోకాలెత్తు పెరిగినది, ఈశాన్యపు మూల తప్ప. అచట మురుగు పోవు దారి లేదు. ప్రక్క చేనిగుండ కాలువ త్రవ్వనిండని దాని యజమానిని అడుగుచున్నాను. ఆయన యింకను ఔననలేదు.