'మానేశాడు' అని రాసే ముందు

ఈ రోజు పట్టా అందుకుంటున్న యువ డాక్టర్లారా!

నేను షుగర్ పుండ్లకు వైద్యం చేసేవాణ్ణి. ఒక్క రోగి సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట మేం ఓ ట్రయల్‌లో ఆటో డ్రైవర్ని చేర్చుకున్నాం. కుడి అరికాల్లో, బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్లంత పుండు. మోకాలి కిందదాకా పిండికట్టు వేసి, వారం వారం రమ్మన్నాం. రెండు వారాలు వచ్చాడు, మూడో వారం రాలేదు. రిజిస్టర్లో 'మానేశాడు' అని రాసి పేజీ తిప్పేశాం. కొన్నాళ్లకు ఆ కేస్ షీట్ మళ్లీ తీస్తే, మొదటి పేజీలోనే ఉంది: వృత్తి, ఆటో డ్రైవర్. ఆటోకి బ్రేకు కుడికాలి కిందే ఉంటుంది. ఆ కట్టుతో బ్రేకు ఎలా తొక్కుతాడు?

పైగా షుగర్ జబ్బులో చాలామందికి కాలి స్పర్శ పోతుంది. నొప్పెట్టని పుండు కోసం కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? 2003లో అమెరికాలో డేవిడ్ ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం 20 మంది రోగుల అడుగులు లెక్కగట్టింది. విప్పుకునే వీలున్న బూటు ఇస్తే, వాళ్లు వేసిన అడుగుల్లో 28 శాతమే ఆ బూటుతో పడ్డాయి. దాన్ని మొండితనం అనకండి. కాలు గుర్తుచెయ్యకపోతే మనిషి మరిచిపోతాడు.

'మానేశాడు' అని మనం రాసినవాళ్లలో పుండు మానిపోయి రానివాడుంటాడు. చీము పట్టి ఇంకెక్కడో వేలు తీయించుకున్నవాడూ ఉంటాడు. ఇద్దరినీ వదిలేసి, మిగిలినవాళ్లను బట్టి మందు పనిచేసిందంటే ఆ మాట నిలబడదు. చేర్చుకున్న ప్రతి మనిషినీ లెక్కలో ఉంచాలన్న నియమం అందుకే పుట్టింది.

ఎవరు మానేస్తారో ముందే అంచనా కట్టే పద్ధతులు మీ చేతికొస్తున్నాయి. ఇంటి దూరం, తోడొచ్చే మనిషి, మొదటి వారాల హాజరు చూసి కంప్యూటర్ ఓ పేరు చూపించవచ్చు. ఆ పేరు కొట్టేయకండి, వేడుకుంటున్నాను. రాలేని మనిషికే ఈ వైద్యం అందరికన్నా అవసరం. బస్సు చార్జీ ఇవ్వండి. డ్రెస్సింగ్ వాళ్ల ఊళ్లోనే జరిగేలా చూడండి. అన్నిటికన్నా ముందు, చేర్చుకున్న రోజునే కాసేపు కూర్చుని ఇల్లెలా గడుస్తుందో అడగండి.

ఆ డ్రైవర్ని వెతుక్కుంటూ ఆటో స్టాండుకి వెళ్లాను. కట్టు తనే బ్లేడుతో కోసుకున్నాడట. "ఎన్నాళ్లుంచాలని అడిగితే చూద్దాం అన్నారు సార్. ముందే చెప్పుంటే బండి మా తమ్ముడికి అప్పజెప్పేవాణ్ణి" అన్నాడు.