మాటకు బలం, వేలిముద్రకు హద్దు



ఎవరి పేరిట ఈ సభ జరుపుకుంటున్నామో, ఆ పెద్దాయన చదువురానివారికి ఉత్తరాలు రాసిపెట్టారు, దస్తావేజులు చదివి చెప్పారు. అందుకే ఈ ఏడాది మాట్లాడటానికి ఒప్పందాల చట్టాన్ని ఎంచుకున్నాను.

నిజాం రాజ్యం నుంచి కూలికి వచ్చిన కామాఠీలు పద్దెనిమిదో శతాబ్దం చివరినుంచి ఈ బొంబాయిలో స్థిరపడ్డారు. ఇక్కడి కట్టడాలకు వాళ్లే చెమటోడ్చారు. వాళ్లలోంచి జాయా కరాడీ లింగు, వ్యంకు బాళాజీ కాళేవార్ వంటి గుత్తేదారులు ఎదిగి, జోతిరావు ఫులే సత్యశోధక సమాజానికి అండగా నిలిచారు. గుత్తేదారుకు రాతకోతలుంటాయి. కూలికి మేస్త్రి మాటే దిక్కు.

ఆ మాట కోర్టులో నిలుస్తుందా? నిలుస్తుంది. 1872 నాటి భారత ఒప్పంద చట్టం అన్నిటికీ కాగితం కావాలనలేదు. స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి, ఒప్పుకునే అర్హత, చట్టం ఒప్పే ప్రతిఫలం, చట్టం ఒప్పే ఉద్దేశం ఉండాలంటుంది పదో సెక్షన్.

కూలీలు పనికోసం నిలబడే నాకా మీద మేస్త్రి, ‘రోజుకు 800 ఇస్తా, వస్తావా?’ అంటాడు. అది ప్రతిపాదన. ‘900 అయితే వస్తా’ అన్నారా, పాత ప్రతిపాదన పోయి కొత్తది పుట్టింది. ‘సరే, పద’ అని అతనన్నాడంటే ఒప్పందం కుదిరినట్టే. సాయంత్రం 800 చేతిలో పెడితే కుదరదు. రుజువుకు మాత్రం పక్కన నిలబడ్డ నలుగురు కావాలి.

పద్దెనిమిదేళ్లు నిండనివాడితో చేసుకున్న ఒప్పందం మొదటినుంచీ చెల్లదని 1903లో మొహొరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. ఊరినుంచి తెచ్చిన పదహారేళ్ల కుర్రాడిచేత నోటు రాయించినా అంతే.

అన్నిటికన్నా చిక్కు సమ్మతితోనే. చిక్కం అమ్మిరాజు కేసు చూడండి. భార్యా కొడుకూ తమ ఆస్తి హక్కును తన సోదరుడికి వదిలేస్తూ దస్తావేజు రాయకపోతే చస్తానని ఒకాయన వాళ్లను బెదిరించాడు. రాసిచ్చారు. అది బలవంతమేనని 1917లో మద్రాసు హైకోర్టు మెజారిటీ తీర్పు. సంతకాలు ఉన్నాయి, సమ్మతి లేదు. అడ్వాన్సు తీరేదాకా కదలొద్దంటూ వెట్టికి కట్టిపడేసే ఒప్పందాలనూ వెట్టిచాకిరీని రద్దుచేసిన 1976 చట్టం చెల్లనివిగా చేసింది.

ఇక మనం అద్దెకుండే చాల్ గది. పగ్డీ, అంటే గది ఇచ్చేందుకు అద్దె కాక అదనంగా పుచ్చుకునే సొమ్ము, తీసుకోవడాన్ని 1947 అద్దె చట్టం నేరంగా చూసింది. అయినా బొంబాయి అంతా పగ్డీ మీదే నడిచింది. 2000 మార్చి 31న అమల్లోకి వచ్చిన మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం దాన్ని అనుమతించింది. అదే చట్టం అద్దె ఒప్పందం రాతలో ఉండి రిజిస్టరు కావాలంది. ఆ బాధ్యత ఇంటి యజమానిది. రిజిస్టరు కాకపోతే, వేరే రుజువు లేనంతవరకు, షరతుల గురించి కిరాయిదారు చెప్పిందే చెల్లుతుంది.

ఇప్పుడు పునరభివృద్ధి పేరిట మన గల్లీల్లో సమ్మతి పత్రాలు తిరుగుతున్నాయి. ఇద్దరూ ఒకే సంగతిని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే సమ్మతి అంటుంది ఒప్పంద చట్టం పదమూడో సెక్షన్. అలాగని చదవకుండా సంతకం పెట్టినవాణ్ని చట్టం తేలిగ్గా వదలదు; మోసపోయామంటే మనమే రుజువు చేయాలి. అందుకే పత్రాన్ని ముందు తెలుగులో చదివించుకోండి, కొత్త గది కొలత, అది ఇచ్చే గడువు, అంతవరకు మనకిచ్చే అద్దె అందులో రాయించండి, నకలు చేతికొచ్చాకే వేలిముద్ర వేయండి.