కుండీలో మొక్క: తొలి పాఠము

ఇంటిలో మొక్క పెంచవలెనను కోరిక మనలో పెక్కుమందికి కలదు. తెచ్చిన మొక్క నెలలోనే వాడిపోగా, మనకు చేతివాసి లేదని నిరాశ చెందుదుము. దోషము చేతిది కాదు, ఎంపికది.

తొలిసారి పెంచునప్పుడు మనకు రెండు మొక్కలు అనుకూలము. మొదటిది మనీప్లాంటు. పసిఫిక్ సముద్రమందలి మోరియా ద్వీపము దీని పుట్టినిల్లు. కణుపుగల తీగముక్కను సీసానీటిలో ఉంచినను వేళ్లు తొడుగును. రెండవది పడమటి ఆఫ్రికానుండి వచ్చిన సాన్సివేరియా. మన చాగనారకు దగ్గర చుట్టము. దళసరి ఆకులలో నీరు దాచుకొనును గనుక, రెండు వారములు మరచినను అలుగదు. రెంటికిని కిటికీ వెలుగు చాలును, మండుటెండ వలదు.

కుండీమొక్కకు దాహముకంటె మన అతిప్రేమయే ప్రమాదము. వేళ్లకును గాలి కావలెను. మట్టిలో నీరు నిలిచినచో గాలి ఆడక అవి కుళ్లును. కుళ్లిన వేరు నీరు పీల్చలేదు, ఆకు వాడును. దాహమని భ్రమించి మనము మరల నీరు పోయుదుము! కావున కుండీ అడుగున రంధ్రముండవలెను. వేలిని అంగుళము లోతు గ్రుచ్చి, మట్టి పొడిగా నున్నప్పుడే నీరు పోయవలెను.

ఈ ఆకులు నమిలిన హాని కలుగును, పసిపిల్లలకు అందనీయరాదు.

మొదట ఒక్క మొక్కనే తెత్తము. అది ఏడాది నిలిచిన పిమ్మట రెండవదానికి చోటు వెదకుదము.