గ్రామ పాఠశాలా సంఘమున పూర్వోపాధ్యాయుని స్థానము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పవలసినదని ఆహ్వాన సంఘమువారు మమ్ము కోరిరి. మేము వక్తలము కాము. ముప్పదిమూడు సంవత్సరములు సుద్దముక్క పట్టినవారము. ఉద్యోగ విరమణానంతరము మా గ్రామ ప్రాథమిక పాఠశాలా యాజమాన్య సంఘమున, విద్యయందు శ్రద్ధగల స్థానికులమను పేర, సభ్యులమై యున్నాము. ఆ స్థానమున పూర్వోపాధ్యాయుడు చేయదగిన దేమి, చేయరాని దేమి యనునది మా యనుభవమును బట్టి మనవి చేసెదము. కళాశాలలకును వసతిగృహములకును విరాళములొసగు పోషకులకు ఇది అల్పవిషయముగ తోచవచ్చును. కొంచె మోపికతో వినుడు.

పల్లెబడిపై స్థానికుల పెత్తనము నేటిది కాదు. 1884 నాటి మదరాసు స్థానిక బోర్డుల చట్టముతో తాలూకా బోర్డులు వచ్చెను. 1920 నాటి ప్రాథమిక విద్యా చట్టము జిల్లా విద్యామండలుల నేర్పరచెను. 1934లో తాలూకా బోర్డులు రద్దుకాగా వాని బడులు జిల్లా బోర్డుల కిందికి పోయెను. ఆంధ్రప్రదేశమున 1959లో పంచాయతీ సమితులును, 1986 నాటి చట్టముతో మండల ప్రజాపరిషత్తులును వచ్చెను. బోర్డుబడి సమితిబడి యయ్యెను, సమితిబడి మండలబడి యయ్యెను. ఇన్ని మారినను, బిడ్డను బడికి పంపు తల్లికి మాత్రము ఈ యేర్పాట్లలో పీట లేదు. 1998 నాటి చట్టము తల్లిదండ్రు లెన్నుకొను పాఠశాలా సంఘములను తెచ్చెను. 2009లో పార్లమెంటు చేసి 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో పెట్టిన విద్యాహక్కు చట్టము మరియొక యడుగు ముందుకు వేసెను. యాజమాన్య సంఘమున నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులో సంరక్షకులో యుండవలెను, సభ్యులలో సగము స్త్రీలు కావలెను, బలహీన వర్గములవారికి తగు పాలు కలుగవలెను అని శాసించినది. బడి నడుచు తీరును కనిపెట్టుట, అభివృద్ధి ప్రణాళికను సిద్ధపరచుట, ప్రభుత్వమునుండి వచ్చిన సొమ్ము వ్యయమగు విధమును చూచుట ఈ సంఘము పనులు.

చట్టము మాట యటుండనిండు. మా మాట చెప్పెదము. 1998 తరువాత మేము ప్రధానోపాధ్యాయులముగ నున్న బడియందును సంఘ ముండెను. కాగితముమీద నుండెను. తీర్మానములు మేమే వ్రాసి, పుస్తకమును ఐదవ తరగతి పిల్లవానికిచ్చి యింటింటికి పంపెడివారము. ఇండ్లలో లేనివారి కొరకు వాడు పొలమునకు పోయెడివాడు. నాట్లు వేయు తల్లులు బురదచేతిని కొంగున తుడుచుకొని వ్రేలిముద్ర వేసెడివారు. అందేమి వ్రాసినారని ఒక్కరును అడుగలేదు. అడుగకపోవుటయే మాకు సుఖముగ నుండెను. ఒక్క రూపాయి తినలేదు గదా యని మనస్సునకు సమాధానము చెప్పుకొంటిమి.

సంఘ సభ్యులమైన రెండవ యేట ఒక సాయంకాలము మా యరుగుమీదికి ఒక పిల్లవాడు పుస్తకముతో వచ్చెను. "మాస్టారూ, మేడం సంతకం పెట్టమన్నారండీ" అనెను. కళ్లజోడు పెట్టుకొని చదివితిమి. ఆ దినము ఉదయము పది గంటలకు సమావేశము జరిగెననియు, సభ్యులందరును వచ్చిరనియు, మధ్యాహ్న భోజనము పరీక్షించి బాగున్నదనిరనియు, కుళాయి మరమ్మతు ఖర్చును ఆమోదించిరనియు అందు వ్రాసియున్నది. ఆ దినమెల్ల మేము ఆ యరుగుమీదనే యుంటిమి! పిల్లవాని ముఖము చూడగా, మేము పొలమునకు పంపిన పిల్లవాడే తిరిగి వచ్చినట్లు తోచినది. సంతకము పెట్టక పుస్తకమును తిప్పి పంపితిమి.

అంతటితో ఊరకున్న బాగుండెడిది. తరువాతి సమావేశమున మేము తనిఖీ అధికారివలె లేచి, నియమముల ప్రతి చేతబట్టుకొని, ప్రధానోపాధ్యాయినిని అందరియెదుట నిలదీసితిమి. ఆమె వయస్సు మా కుమార్తె వయస్సు. కన్నుల నీరు పెట్టుకొనెను. పిమ్మట విచారింపగా కుళాయి నిజముగనే బాగుచేయబడియుండెను. సొమ్ము ఆమె తన చేతినుండి ముందుగా పెట్టినది. తోడి యుపాధ్యాయుడు శిక్షణకు పోగా ఐదు తరగతులను ఒక్కతెయే చూచుకొనుచు, భోజనముల లెక్కలును ఛాయాచిత్రములును సెల్‌ఫోనున పంపుచు నుండెను. అందువలన అబద్ధము నిజము కాదు. కాని దానిని చూపవలసిన తీరు అది గాదు. వచ్చిన తల్లులు నేలచూపులు చూచుచు కూర్చుండిరి. మరుసటి నెలకు వారిలో ముగ్గురే వచ్చిరి. ఇది పంతుళ్ల లోలోపలి తగవు, మన కెందుకని వారనుకొనిరి. వారి తప్పు లేదు.

మేము ఆమె యింటికి పోయి క్షమార్పణ చెప్పుకొంటిమి. ఇరువురము ఆలోచించితిమి. పది గంటల వేళ కూలికి పోవు తల్లి బడికెట్లు రాగలదు? సమావేశమును రాత్రి ఏడు గంటలకు మార్చితిమి. జమాఖర్చులను అందరికి తెలియు మాటలలో చదివి వినిపించుట, వినిపించిన పిమ్మటనే సంతకములు అను కట్టడి చేసికొంటిమి. మేము వెనుక బల్లపై కూర్చుండి, అడిగిననే మాటలాడుదుమని ఒట్టు పెట్టుకొంటిమి. ఇది మాకెంత కష్టమైనదో మీలోని ఉపాధ్యాయులకు తెలియును.

మూడవ సమావేశమున ఒక తల్లి లేచి, "మా పిల్ల మూడులో కొచ్చిందండీ. ఇంకా పేరు రాసుకోడం రాదు. ఎందుకండీ?" అనెను. ముప్పదిమూడేండ్ల కొలువులో ఈ ప్రశ్న మమ్మెవరును అడుగలేదు. ప్రధానోపాధ్యాయిని దాపరికము లేక చెప్పినది: ఐదు తరగతులకు ఇద్దరము, ఒకరు లేనినాడు ఒక్కరము. అరువదిమంది పిల్లలవరకు ఇద్దరే యుపాధ్యాయులని చట్టముననే యున్నది. మూడవ వారికొరకు అర్జీ పెట్టితిమి, రాలేదు. ఆమె కోరికపై మేము బడివేళకు ముందు ఒక గంట వెనుకబడిన పిల్లలకు అక్షరములు దిద్దించుచున్నాము. ఆ పిల్ల పేరు వ్రాయుచున్నది. గుణింతములు ఇంకను రాలేదు. తల్లులు వంతులవారీగ వచ్చి గ్రుడ్లు లెక్కించుచున్నారు.

ఇక మన సంఘమువారితో ఒక మాట. మా గ్రామ పాఠశాలకు స్థలమిచ్చినది మన పెద్దలే. గోడనున్న శిలాఫలకమున వారి పేరులున్నవి. హాజరుపట్టీలో మన పిల్లల పేరు ఒక్కటియు లేదు. ఉదయము ఏడు గంటలకు పట్టణపు బడి బస్సు వచ్చును, మనవారందరు దానిలో పోవుదురు. మా మనుమలును అందులోనే పోయిరి. కనుక ఇతరులను నిందించుటకు మాకు నోరు లేదు. బిడ్డ చదువని బడిలో తండ్రికి స్థానముండదు. మనకు మిగిలినది మావంటి పూర్వోపాధ్యాయుల స్థానమే. మన సంఘమున విశ్రాంత ఉపాధ్యాయులు ఊరూర నున్నారు. వారిలో ఒకరిని మేము పిలువగా, "కూలిపని చేయునామె అధ్యక్షురాలట, ఆమె క్రింద మనము కూర్చుండుటయా?" అనిరి. మేము కూర్చుంటిమి. మొదటినాడు ఆమె మాకు కుర్చీ వేసి తాను నిలుచుండెను. రెండవ కుర్చీ తెప్పించితిమి. ఆమె కూర్చుండు వరకు మేమును నిలుచుంటిమి. ఇప్పుడు ఎవరును చెప్పనక్కరలేకయే ఆమె కూర్చుండుచున్నది.

మన విద్యానిధినుండి మన పిల్లలకు వేతనము లిచ్చుచున్నాము. మంచిదే. దానిలో కొంత, మన పెద్దల శిలాఫలకములున్న బడులలో ఒక్కొక్క సహాయ బోధకుని గౌరవ వేతనమునకై యిండు. సొమ్ము ఆ బడి సంఘము చేతికే యిండు, లెక్క వారిచేతనే చెప్పించుకొనుడు. దీనికి మాత్రము శిలాఫలకము వలదు. ఈ తీర్మానమును విషయనిర్ణయ సభకు వ్రాసి యిచ్చితిమి. చర్చ రేపటికి పెట్టినారు. రేపు రాత్రి ఏడు గంటలకు మా బడి సమావేశ మున్నది గనుక మేము సాయంకాలపు బస్సున కందవలెను. మా తరఫున ఎవరైన లేచి దానిని ప్రతిపాదింతురని కోరుచున్నాము.