ఎనిమిది గోల్స్ పడ్డ తర్వాత



సభల్లో గెలిచినవాళ్ల గురించి చెప్పడం ఆనవాయితీ. నేను ఈ రోజు ఓడిపోయిన ఒక జట్టు గురించి మాట్లాడతాను.

2022 అక్టోబర్ 11న మన దేశంలో పదిహేడేళ్లలోపు అమ్మాయిల ఫుట్‌బాల్ ప్రపంచకప్ మొదలైంది. 16 దేశాలు ఆడాయి. మన జట్టు మ్యాచ్‌లన్నీ భువనేశ్వర్ కళింగ స్టేడియంలోనే. కెప్టెన్ అస్తం ఒరాన్, జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా ఆదివాసీ బిడ్డ. ఒరాన్‌లు మాట్లాడే కుడుఖ్, మన గోండి, కువి, కొలామీలకు అక్కచెల్లెలి భాషే. అంటే మనకు చుట్టమే అనుకోండి. ఆమె పేరిట ఊరికి రోడ్డు వేస్తుంటే, ఆ పనికి ఆమె అమ్మానాన్నలే కూలీలుగా వెళ్లారు. ఆ జట్టులో జార్ఖండ్ అమ్మాయిలే ఆరుగురు.

ఇక ఆట సంగతి. అమెరికా చేతిలో 0-8. మొరాకో చేతిలో 0-3. బ్రెజిల్ చేతిలో 0-5. మూడు మ్యాచ్‌లలో 16 గోల్స్ ఇచ్చాం, ఒక్కటీ కొట్టలేదు. ఇందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు. ఆతిథ్య దేశం కాబట్టి అర్హత పోటీలు ఆడకుండానే మనకు చోటు దొరికింది. ప్రపంచంతో మనకున్న దూరం ఎంతో ఆ మూడు మ్యాచ్‌లు కొలిచి చూపించాయి.

ఆ మాత్రం అవకాశం కూడా దక్కనివాళ్లు ఉన్నారు. 2020లోనే ఈ ప్రపంచకప్ మన దేశంలో జరగాల్సింది. కరోనాతో వాయిదా పడి, చివరికి రద్దయింది. 2022 పోటీకి 2005 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లే అర్హులు. ముందు జట్టు కోసం చెమటోడ్చిన అమ్మాయిల్లో 2003, 2004లో పుట్టినవాళ్లకు వయసు దాటిపోయింది. ఆటలో ఏ తప్పూ చేయకుండానే బయటికొచ్చేశారు.

కరోనాను ఆపడం వాళ్ల చేతుల్లో లేదు. మన చేతుల్లో ఉన్నది మాత్రం ఒకటుంది: పుట్టిన తేదీ కాగితం. వయసు విభాగాల పోటీకి ఎక్కడికెళ్లినా ముందు అడిగేది అదే. మన గూడేల్లో ఇంటి దగ్గర కాన్పయితే తేదీ ఎవరూ రాయరు. బడిలో చేర్చేటప్పుడు ఒక తేదీ, ఆధార్‌లో ఇంకో తేదీ పడుతుంది. ఆ తేడా ఎనిమిదో తరగతిలో కనిపించదు. జట్టులో పేరొచ్చిన రోజున బయటపడుతుంది. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము లేదు. ఆలస్యమైనా నమోదుకు చట్టంలో దారి ఉంది.

అందుకే మిమ్మల్ని రెండు పనులు అడుగుతున్నాను. ఇంటికెళ్లాక తమ్ముడివి, చెల్లివి కాగితాలు పక్కపక్కన పెట్టి తేదీలు సరిచూడండి. తేడా ఉంటే ఈ నెలలోనే దరఖాస్తు పెట్టండి. రెండోది, సాయంత్రం మన ఊరి మైదానంలో అమ్మాయిలకూ చోటివ్వండి. కట్టెలు తేవాలి, నీళ్లు తేవాలి అని వాళ్లను గట్టు దగ్గరే ఆపకండి. ఆ పనుల్లో సగం మీరందుకోండి.

ఎనిమిది గోల్స్ పడ్డ మూడో రోజున ఆ పిల్లలు మళ్లీ బూట్లు కట్టుకుని మొరాకో ముందు నిలబడ్డారు. మన గూడెం పిల్ల కూడా ఒకరోజు అక్కడ నిలబడాలి. ఓడినా సరే, కాగితం లేక మాత్రం ఆగిపోకూడదు.

జై ఆదివాసీ! సెలవు.