ధరలు, పక్షములు, పలుకులు

అమెరికాలో ఆర్థికస్థితి యెట్లున్నదని యడిగినచో, అచ్చటివారి సమాధానము అంగడిని బట్టియే గాక అధికారమున నున్న పక్షమును బట్టియు మారుచుండుట మేము గమనించితిమి. మిషిగన్ విశ్వవిద్యాలయమువారు దశాబ్దములుగా వినియోగదారుల మనోభావమును కొలుచుచున్నారు. 2022 జూన్ నెలలో ఆ సూచి 50కి దిగినది. అంతకుముందెన్నడును అంత తగ్గలేదు. ఏడాదిలో ధరలు 9.1 శాతము పెరిగిన మాట నిజమే. కాని నిరుద్యోగము 3.6 శాతమే!

2023 జూన్ నాటికి ధరల పెరుగుదల 3 శాతమునకు వచ్చినది. ఆర్థికవేత్తలు సంతోషించిరి, జనులు సంతోషింపలేదు. తగ్గినది పెరుగుదలయే గాని ధర గాదు గదా! గ్రుడ్లు కొను గృహిణికి ఈ భేదము నెవరును బోధింప నక్కరలేదు.

అయినను ఒక వింత కలదు. 2016, 2020, 2024 ఎన్నికల పిమ్మట కొలది కాలములోనే, జీతములు మారకున్నను, గెలిచిన పక్షమువారికి కాలము బాగుగను, ఓడినవారికి చెడుగను తోచినది. ఫేస్‌బుక్, ఎక్స్ వంటి వేదికలపై కోపము రేపు మాటకు వ్యాప్తి యెక్కువ. చూచువారు హెచ్చినకొలది ప్రకటనల రాబడియు హెచ్చును.

పిల్లలు అమెరికాలో నున్న మన యిండ్లకు ఆ మాటలే మరునాడు ఫోనులో చేరుచున్నవి. అట్టిది వచ్చినప్పుడు మేము రెండే ప్రశ్నలు వేయుచుందుము: ఇది వ్రాసినవా రే పక్షమువారు? మీ యింటి అద్దె యెంత?